బొచ్చుసంచి, జీను పట్టీ

ఆ సంచి బొమ్మ మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వాగలేదు. ఎవరో తెల్లాయన మోకాళ్ళ దాకా గళ్ళ పావడా కట్టుకుని, దానికి జేబులుండవు కాబట్టి, బొడ్డు కింద గొలుసుతో ఒక బొచ్చుసంచి వేలాడేసుకుని ఫొటోకి నిలబడ్డాడు. సంచికి ముందువైపు మూడు కుచ్చులు. "ఈయనకి మేకపిల్లని కట్టేశారేంటి మావా" అన్నాను. మా ఆయన నవ్వలేదు. ఆ కాగితం ఆయన చేతిలో తలకిందులుగా ఉందని అప్పుడు చూశాను.

మేమప్పుడు బహ్రెయిన్‌లో, కర్జకాన్ దాటాక ఉన్న ఒక గుర్రాల శాలలో పనిచేసేవాళ్ళం. ఆయన జీన్లు, కళ్ళేలు బాగుచేసేవాడు. నేను ఆ శాల యజమాని ఇంట్లోనే వంటా, ఇల్లూ చూసేదాన్ని. మా ఇద్దరి వీసాలూ ఆ యజమాని పేరు మీదే, అలాంటివాణ్ణి అక్కడ కఫీల్ అంటారు. శాల గోడకి ఆనుకుని మాకొక గది ఇచ్చారు. ఆ గది మాకు ఊరికే దొరకలేదు. పెళ్ళైన కొన్నాళ్ళకే ఆయన బహ్రెయిన్ వచ్చేశాడు, నేను కువైట్ వెళ్ళాను. మా కోనసీమలో ఇదేమీ వింత కాదు. మొగుడొక దేశం, పెళ్ళాం ఒక దేశం, మధ్యలో ఫోన్లో కాపురం. నాకు సెలవు దొరికి ఊరికి వెళ్ళేసరికి ఆయన సెలవు అయిపోయి విమానం ఎక్కేవాడు. పిల్లలెందుకు కలగలేదని చుట్టాలు అడిగితే నాకు ఒళ్ళు మండిపోయేది. ఫోన్లో పిల్లలు పుడతారా? ఏళ్ళు గడిచాక ఆయన కఫీల్ ఇంట్లో పనిమనిషి మానేసిందని తెలిసి, ఎవరెవరినో బతిమాలి నాకు వీసా తెప్పించాడు. ఒక గదిలో, ఒక పొయ్యి మీద వండుకుని, ఒక కంచం పక్కన ఇంకో కంచం పెట్టుకుని తినడం మాకు అప్పుడే మొదలైంది. అప్పటికి నా తలలో తెల్ల వెంట్రుకలొచ్చేశాయి.

అలాంటి కాపురానికి ఆయన కళ్ళు అడ్డం పడ్డాయి.

మొదట సూదిలో దారం ఎక్కించమని నన్ను పిలిచేవాడు. ముసలాడివైపోతున్నావని ఏడిపించేదాన్ని. తర్వాత గడప తన్నుకోవడం, గ్లాసు పక్కన నీళ్ళు పోయడం మొదలయ్యాయి. జింజ్‌లో ఒక కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. షుగరు కంటి లోపలి నరాల్ని ఎప్పటినుంచో తినేస్తోందట. కుడికన్ను పోయినట్టే, ఎడమకన్ను ఉన్నంతవరకే అన్నాడు. బస్సులో వెనక్కి వస్తూ ఆయన కిటికీ వైపు మొహం పెట్టి కూర్చున్నాడు. బయట ఏం కనపడుతోందని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఆ సంగతి కఫీల్‌కి తెలిస్తే ఏమవుతుందో మాకు తెలుసు. ఆయన వీసా ఖలాస్. ఆయన్ని ఊరికి పంపేస్తారు. నా కాంట్రాక్టు నాకు ఉంటుంది, నేను వదిలి వెళ్ళడానికి వీల్లేదు. వెళ్ళి మాత్రం ఇద్దరం ఏం తింటాం? మళ్ళీ ఆయనొక చోట, నేనొక చోట. ఈసారి ఫోన్లో నా మొహం కూడా ఆయనకి కనపడదు. ఆ ఆలోచన వస్తే చేతిలో పని చేతిలోనే ఆగిపోయేది. అందుకే ఇద్దరం నోరు మూసుకున్నాం. పొద్దున ఆయన కుట్టిన కుట్లు మధ్యాహ్నం విరామంలో నేను చూసి, వంకర పోయినవి విప్పించేదాన్ని.

శాలకి ఫోర్‌మన్ నిజామాబాదు వైపు ముస్లిం. మంచివాడే, కానీ కళ్ళు చురుకు. ఒక కళ్ళెం మీద కుట్టు పక్కకి పోవడం పట్టేశాడు. అప్పటినుంచి మా ఆయన నడకని గమనిస్తున్నాడని నాకు అర్థమైంది.

సరిగ్గా అప్పుడే వచ్చింది ఈ సంచి గొడవ. శాలలో పిల్లలకి స్వారీ నేర్పే మేడం ఒకావిడ ఉండేది, స్కాట్లండు మనిషి. వాళ్ళవాళ్ళందరూ ఏడాదికోసారి ఏదో హోటల్లో విందు చేసుకుంటారట. ఆ విందుకి మగవాళ్ళు గళ్ళ పావడాలూ ఈ సంచులూ కట్టుకుని రావాలట. సంచిని వాళ్ళు స్పోరన్ అంటారు. ఆవిడ భర్తది పెట్టెలో పెట్టి మర్చిపోతే పురుగులు బొచ్చంతా తినేశాయి. వాళ్ళ దేశం నుంచి తెప్పించే టైము లేదు. ఇంట్లోనే ఎలా తయారుచేసుకోవాలో ఇంటర్నెట్‌లో దొరికిన కాగితాలు తీసి, మా ఆయన చేతిలో పెట్టింది. పాత సంచికి పైన ఉండే అర్ధచంద్రం లాంటి వెండిరంగు పట్టా, గొలుసులు, కుచ్చుల టోపీలు మిగిలాయి. బొచ్చు కోసం వాళ్ళమ్మ కోటు కాలరు ఊడదీసి తెచ్చింది. నల్లతోలు ముక్క ఒకటి ఇచ్చింది. ఏదీ రెండోది లేదు.

ఫోర్‌మన్ ఆ సాయంత్రం మా గది ముందుకొచ్చి నిలబడ్డాడు. తన మీద కోపం పెట్టుకోవద్దని ముందే చెప్పి, అసలు మాట అన్నాడు.

"మేడంకు ఆ సంచి మంచిగ కుట్టిచ్చినవనుకో, నీ కండ్లకు ఏం గాలేదని కఫీల్‌కు నేనే జెప్త. కుట్టకపోతె మాత్రం ఇగ దాచుడు నాతోని కాదు భాయ్. పసిపోరలు ఎక్కే గుర్రాలు."

ఫోర్‌మన్ వెళ్ళగానే మా ఆయన ఆ తోలూ బొచ్చూ ఉన్న మూట నా వైపు తోసేశాడు. తన వల్ల కాదని రేపే చెప్పేస్తానన్నాడు. నాకు నోరెక్కువని ఊరంతా అంటారు, ఆ రోజు అది నిజమే అయింది. నిన్ను పంపించేసి నేనిక్కడ వాళ్ళ గిన్నెలు తోముకుంటూ ఎవరికోసం బతకాలని అరిచాను. ఇన్నేళ్ళకి కలిసుంటే ఓర్వలేకపోతున్నావా అని కూడా అన్నాను. అది అనకూడని మాట. ఆయన తోసేసిన మూటని తడిమి మళ్ళీ దగ్గరికి లాక్కున్నాడు. ఆఖరికి, "ఎలా కుట్టాలో నేను చెబుతాను, నువ్వు కుట్టు" అన్నాడు.

మా రెండిళ్ళవాళ్ళదీ తోలు పనే. ఆయన తండ్రి చెప్పులు కుట్టడం కొడుక్కి నేర్పాడు. మా నాన్న మాత్రం నాకు తోలు వాసన తగలనివ్వలేదు. ఈ పని వల్ల ఊళ్ళో పడ్డ మాటలు తనతోనే ఆగిపోవాలనేవాడు. చిన్నప్పుడు ఒకసారి ఆరె పట్టుకున్నానని, అదే, తోలుకి బొక్కలు పొడిచే సూది, నా చేతి మీద ఒక్కటేశాడు. నన్ను కుట్టుమిషను నేర్చుకోడానికి పంపాడు. జాకెట్లు, లంగాలు, పిల్లల గౌన్లు, ఏదైనా కొలత చూసి కుట్టిపారేస్తాను. అందుకే ఒక సంచి ఎంతలే అనుకున్నాను. ఆ పొగరు నాకుంది.

మధ్యాహ్నం ఎండకి గుర్రాలకి విశ్రాంతి. ఆ గంటల్లో తలుపు గడియ పెట్టుకుని పని మొదలుపెట్టాం. దగ్గర్లోని సఖీర్‌లో ఏవో పందెం కార్లు ప్రాక్టీసు తిరుగుతున్న రోజులవి. గాలి అటునుంచి వీస్తే కందిరీగల మోతలా వినపడేది, గుర్రాలు కాళ్ళు నేలకేసి కొట్టేవి. మొదటి రోజే కత్తెర తీశాను. ఆ చప్పుడు వినగానే ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. బొచ్చుతోలుని కత్తెరతో కోస్తే వెంట్రుకలు కూడా తెగి, అంచంతా నాసిరకం క్షవరంలా అవుతుందట. బొచ్చు కిందికి పెట్టి, వెనకవైపు సుద్దతో గీసి, బ్లేడుతో చర్మం మాత్రమే తెగేలా కొయ్యాలి. వెంట్రుకలు కిందికి వాలే వైపే సంచికి కింద కావాలి. ఆయన అరచెయ్యి దాని మీద ఒకసారి పైకి, ఒకసారి కిందికి నిమిరి, ఇటు అని చూపించాడు. కళ్ళున్న నేను అది గమనించనే లేదు.

బొచ్చు బాగానే తెగింది. నాకు హుషారొచ్చింది. ఆ హుషారే కొంప ముంచింది.

ఆయన సాయంత్రం డ్యూటీకి వెళ్ళాక ఇంటి పని త్వరగా తెముల్చుకుని గదికొచ్చాను. ఆయన వచ్చేసరికి సగం పని అయిపోయి ఉండాలని, నల్లతోలు వెనక ముక్కా, పక్కల పట్టీ, ముందు ముక్కా ఒకదానికొకటి ఆనించి, చుట్టూ కచ్చాకుట్టు వేసేశాను. జాకెట్టు ఎవరు కుట్టినా అంతే కదా. ముందు కచ్చాకుట్టు, చూసుకోవడం, సరిచేసుకోవడం, అసలు కుట్టు, తర్వాత కచ్చా దారం లాగిపారేయడం. తోలు గట్టిగా ఉండి వేళ్ళు బొబ్బలెక్కాయి. ఒక వైపు వంకర వచ్చిందని విప్పి మళ్ళీ వేశాను. అదీ నచ్చక మళ్ళీ వేశాను. ఆయన రాగానే తీసుకెళ్ళి చేతిలో పెట్టి, మెచ్చుకుంటాడని నిలబడ్డాను.

ఆయన బొటనవేలు అంచు వెంట నడిచింది. ఒకచోట ఆగింది. మళ్ళీ నడిచింది.

"ఇదేం పనే" అన్నాడు మెల్లగా. "తోలుకి పడిన బొక్క పూడదే. గుడ్డ కాదిది."

దారం లాగి చూపించాడు. గుడ్డ మీదైతే కాస్త తడి చేసి రుద్దితే మాయమైపోయే గుర్తులు, ఆ నల్లతోలు అంచంతా బొక్కలై నిలబడి ఉన్నాయి. జల్లెడ కొంచెం నయం. నేను నేల మీద కూలబడి ఏడ్చాను. తోలు పనివాళ్ళ ఇంట్లో పుట్టి, తోలు మీద కచ్చాకుట్టు వేసిన మనిషి నేనొక్కదాన్నే అయుంటాను. అప్పుడు మా నాన్న మీద కోపమొచ్చింది. నా మీద అంతకంటే కోపమొచ్చింది. ఇంకో తోలు అడిగితే ఎందుకని అడుగుతారు. అడిగితే అంతా బయటపడుతుంది. ఆ రాత్రి మేం అన్నం కూడా వండుకోలేదు.

మర్నాడు ఆయనే దారి చూపించాడు. పైన పడిన బొక్కల్ని వెండి పట్టా కప్పేస్తుంది. పక్కలా, కిందా బొక్కల వరసకి లోపలినుంచి కోసేసి, సంచిని వేలెడు చిన్నది చేస్తే సరిపోతుందన్నాడు. రంపె తీసి నా చేతికిచ్చాడు. అది చెప్పులు కుట్టేవాళ్ళ వంపు కత్తి, ఆయన తండ్రిది. నా చెయ్యి మీద తన చెయ్యి వేసి కోయించాడు. గీత తప్పబోతే ఆగమనేవాడు. తప్పుకి ఇంక చోటు లేదని ఇద్దరికీ తెలుసు. ఆరెతో ఒక్కో బొక్కా ఒక్కసారే పొడవాలి. ఒకే దారానికి రెండు కొసలా రెండు సూదులు, ఒకటి ఇటునుంచి, ఒకటి అటునుంచి, అదే బొక్కలోంచి దాటాలి, రెండు చేతులూ ఒకేసారి లాగాలి. రెండు చేతుల బలం ఒక్కటిగా లేకపోతే కుట్టు వదులవుతుంది. ఆయన పక్కన కూర్చుని ప్రతి కుట్టునీ గోరుతో తట్టి చూసేవాడు.

అలా కుడుతున్నప్పుడే ఒకసారి అడిగాడు. ఈ సంచి సంగతి సరే, రేపు జీను పట్టీ తెచ్చి ఇస్తే ఏం చేస్తామని. గుర్రం పొట్ట కిందుగా బిగించే తోలు పట్టీ అది. జీను నిలబడేది దాని మీదే. అదీ నేనే కుడతానన్నాను. సంచి ఊడితే నవ్వుతారు, పట్టీ ఊడితే పిల్ల చచ్చిపోద్ది అన్నాడు. రేపటి సంగతి రేపు చూద్దామని కసిరాను. ఆయన ఆ మాట అంతటితో వదల్లేదు. ప్రతి మధ్యాహ్నం ఏదో ఒక వంకతో అక్కడికే వచ్చేవాడు. నేను ప్రతిసారీ నోరు మూయించేదాన్ని. పిల్లల గురించి ఆలోచించే స్థితిలో నేను లేను. నాకు ఆయన కావాలి, అంతే.

సంచి పూర్తయింది. కుచ్చులకి కాలరులో మిగిలిన బొచ్చుముక్కలే వాడాం. వెండి పట్టా దిగ్గొట్టి, గొలుసు తగిలించి, గోడ మేకుకి వేలాడదీసి చూస్తే బాగుంది. నిజంగా బాగుంది. నాకు మళ్ళీ నవ్వొచ్చింది. ఆయన నడుముకి కట్టి, లుంగీ మీద ఎలా ఉందో చూసి పడీపడీ నవ్వాను. ఆయనా నవ్వాడు. ఆ గదిలో మేం ఇద్దరం కలిసి అలా నవ్వడం అదే ఆఖరు.

మర్నాడు జీన్ల గదికి మేడం, ఫోర్‌మన్ కలిసి వచ్చారు. గది ఊడ్చే నెపంతో నేనూ అక్కడే ఉన్నాను. మేడం సంచిని అటూ ఇటూ తిప్పింది, బొచ్చు నిమిరింది, స్వారీ ప్యాంటు మీదే కట్టుకుని నాలుగడుగులు వేసి చూపించింది. వాళ్ళ దేశంలో కూడా ఇంత చక్కగా కుట్టరని ఏదో అంది. ఫోర్‌మన్ నా వైపు తిరిగి, ఇక ఫికర్ లేదు చెల్లె అన్నట్టు తలూపాడు. నేను మళ్ళీ ఊడవడం మొదలుపెట్టాను.

అప్పుడే ఫోర్‌మన్ మూలనున్న చిన్న జీన్లు తెచ్చి మా ఆయన ముందు పెట్టాడు. కొత్త పిల్లలు చేరుతున్నారని, అన్నిటికీ పట్టీలు మార్చాలని చెప్పాడు. మా ఆయన ఒక పట్టీ తీసుకుని వేళ్ళతో కొలిచాడు. పొట్టి పట్టీ, ఐదారేళ్ళ పిల్లలెక్కే పొట్టి గుర్రానిది. నాకు భయం వేసి, పాదంతో ఆయన పాదాన్ని నొక్కాను. ఆయన పాదం వెనక్కి తీసేసుకున్నాడు.

"భాయ్, ఆ సంచి నేను కుట్టలేదు. ఇదిగో, ఈవిడ కుట్టింది. నాకు నీ మొహం కూడా కనపడట్లేదు."

మేడం ఏమైందని అడిగితే ఫోర్‌మన్ ఇంగ్లీషులో చెప్పాడు. నేను చీపురు అక్కడే పడేసి గదికి వచ్చేశాను. ఆయన వెనకాలే గోడ తడుముకుంటూ వచ్చాడు. నేను ఆయన్ని తిట్టిన తిట్లు ఇప్పుడు రాయలేను. ఆయన మంచం అంచున కూర్చుని అన్నీ విన్నాడు.

మేడం మాకు మేలే చేద్దామనుకుంది. కఫీల్ దగ్గరికి స్వయంగా వెళ్ళి నన్ను తెగ పొగిడిందట. ఇంత పనిమంతురాలు మీ ఇంట్లో గిన్నెలు తోముతోందా అందట. కఫీల్ తీర్పు రెండు రోజుల్లో ఫోర్‌మన్ నోట వచ్చింది. ఇక జీన్ల పని నాది. ఇంటికి వేరే మనిషిని చూసుకుంటారు. నాకు పని వచ్చేదాకా మా ఆయన ఉండి నేర్పవచ్చు. వచ్చిందని ఆయనే చెప్పాలి. ఆ రోజు టికెట్టు తీస్తారు.

ఆయన్ని నిలుపుకోవడానికి నేర్చుకున్న పనే ఆయన్ని పంపించేస్తోంది. ఎవరిని తిట్టాలో కూడా తెలియలేదు. మర్నాటి నుంచి ఆయన పీట మీద నేను కూర్చున్నాను, పక్కన నేల మీద ఆయన. పట్టీ కుట్టి ఇస్తే, ఒక కొస పాదం కింద తొక్కిపట్టి, రెండో కొస రెండు చేతులా లాగేవాడు. కుట్టు సాగేది. ఇంకోసారి అనేవాడు. మళ్ళీ కుట్టేదాన్ని. మళ్ళీ సాగేది. ఫోర్‌మన్ వచ్చి అడిగితే ఇంకా రాలేదు భాయ్ అనేవాడు. వారం అయింది, ఇంకో వారం అయింది. నాకు ఆ సంచి కుట్టినప్పుడే రెండు చేతుల బలం కుదిరింది. కానీ ఆఖరి లాగుడు దగ్గర ఎడమచెయ్యి కొంచెం వదిలేసేదాన్ని. చూడ్డానికి కుట్టు నిండుగానే ఉంటుంది. వదులు కంటికి కనపడదు. ఇలా ఎన్నాళ్ళైనా గడపొచ్చని, ఎప్పటికీ రానట్టే ఉండిపోవచ్చని అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం ఆయన పట్టీని లాగకుండానే ఒళ్ళో పెట్టుకున్నాడు. కుట్ల మీద గోరు ఆనించాడు.

"ఎడమచెయ్యి వదిలేస్తన్నావు" అన్నాడు.

నేను సూదులు రెండూ పక్కన పెట్టేశాను.

"మొదటి రోజునుంచీ తెలుసే నాకు. తెలిసే ఊరుకున్నాను. నాకు మాత్రం ఎల్లాలనుందా?" పట్టీని ఒళ్ళోంచి తీసి నా చేతికిచ్చాడు. "రేపట్నుంచి ఆ కొత్త పిల్లలొస్తన్నారంట. ఇంక ఊరుకోలేను."

నా కళ్ళకి నీళ్ళు అడ్డమొచ్చి ఇద్దరికీ చూపు సమానమైంది. దారం తెంపి, కొత్త దారానికి మైనం పూసి, మొదటినుంచి కుట్టుకొచ్చాను. ఒక్క కుట్టు దగ్గరా చెయ్యి వదల్లేదు. వదిలితే ఆయనకి తెలుస్తుంది. పూర్తయ్యాక ఆయన చేతిలో పెట్టాను. ఆయన లేచి నిలబడి, కొస పాదం కింద తొక్కి, శరీరం బరువంతా వెనక్కి వేసి లాగాడు. తెగిపోవాలని దేవుడికి దండం పెట్టుకున్నాను. తెగలేదు. మెడలో నరాలు తేలేలా ఇంకోసారి లాగాడు. కుట్టు కదల్లేదు.

ఆయన పట్టీని చుట్టచుట్టి నా ఒళ్ళో పెట్టాడు. వాకిలి దాకా తడుముకుంటూ వెళ్ళి, ఫోర్‌మన్‌ని పిలిచాడు.

"భాయ్, వచ్చేసింది ఈవిడికి. టికెట్టు చూడు."

ఫోర్‌మన్ గుర్రాల తొట్టి దగ్గర పైపు పట్టుకుని అటు తిరిగి ఉన్నాడు. తొట్టి నిండి నీళ్ళు పొర్లుతున్నా కదల్లేదు, విననట్టే నిలబడ్డాడు. మా ఆయన మళ్ళీ పిలిచాడు.